టైగర్ వన్ సార్ వింటున్నారా?

ఎన్‌సీసీ క్యాంపులో ఎవరెంత పెద్దవారో తెలుసుకోవడానికి భుజం మీద నక్షత్రాలు లెక్కపెట్టక్కర్లేదు. నడుముకి వాకీటాకీ ఉందో లేదో చూస్తే చాలు. ఉంటే పెద్దవారు. దాన్ని చేత్తో పట్టుకుని, యాంటెనాతో గాలిలో ముగ్గులు వేస్తూ మాట్లాడుతుంటే ఇంకా పెద్దవారు. రెండు సెట్లుంటే ఆయన జోలికి వెళ్లకండి, దేశరక్షణలో తలమునకలై ఉన్నారు. మరి సెట్టు నిజంగా అవసరమైనవాళ్లెవరు? రాత్రి రెండింటికి వాటర్ ట్యాంకు దగ్గర కర్ర పట్టుకుని సెంట్రీ డ్యూటీ చేసే ఇంటర్ కుర్రాడు. ఫైరింగ్ రేంజి పక్కన ఎర్ర జెండాతో నిలబడ్డ డిగ్రీ అమ్మాయి. ఎం.ఐ. (మెడికల్ ఇన్‌స్పెక్షన్) రూములో జ్వరానికీ విరేచనాలకీ ఒకే బల్ల మీద మందులు పంచే నర్సింగ్ అసిస్టెంటు. వాళ్లకు సెట్టు అందదు. ఏ క్యాంపులో చూసినా ఉన్న సెట్లకంటే పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ఎక్కువే ఉంటారు.

1948లో చట్టం చేసి, ఆ ఏడాది జులై 15న మొదలుపెట్టిన సంస్థ ఎన్‌సీసీ, అంటే నేషనల్ క్యాడెట్ కోర్. ఐకమత్యం, క్రమశిక్షణ దాని నినాదం. ఏటా జరిగే పది రోజుల శిక్షణ క్యాంపుకి ఐదారు వందల మంది పిల్లలు వస్తారు. ఒక కంపెనీ కాలేజీ హాస్టల్లో, ఇంకో కంపెనీ టెంట్లలో, ఆడపిల్లలు వేరే బ్లాకులో ఉంటారు. డ్రిల్ స్క్వేరు ఒక మూల, కుక్‌హౌస్ ఇంకో మూల, రేంజి గుట్ట అవతల. మొదటి రోజే పిల్లల ఫోన్లన్నీ పేర్లు రాసిన కవర్లలో పెట్టించి బీరువాలో పడేస్తారు. మంచిదే. ఆ తర్వాత ఎండలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే కబురు వెళ్లడానికి మిగిలిన దారి రేడియో ఒక్కటే. కాబట్టి క్యాంపులో రేడియో నడపడమంటే అలంకారం కాదు, బాధ్యత అని ఎవరైనా అమాయకుడు అనుకోవచ్చు. అలాంటివాణ్ణి ఒక్క పూట కంట్రోల్ రూములో కూర్చోబెట్టాలి.

పొద్దున్నే అక్కడ రేడియో చెక్ జరుగుతుంది.

"కంట్రోల్, కంట్రోల్, వినబడుతోందా?"

"జై హింద్ సర్. వినబడుతోంది సర్."

"సరిగ్గా వినబడుతోందా?"

"సరిగ్గా వినబడుతోంది సర్."

"నాకు నువ్వు సరిగ్గా వినబడటం లేదు."

"అలాగే సర్."

దీంతో రేడియో చెక్ పూర్తయినట్టు రిజిస్టర్లో ఎక్కుతుంది. కింద సంతకం కూడా ఉంటుంది.

ఇక కాల్‌సైన్లు. గాలిలో అసలు పేర్లు వాడకూడదు, ఎవరు ఎక్కడున్నారో బయటివాళ్లకు తెలియకూడదు అనేది వీటి వెనక ఉన్న ఆలోచన. మనవాళ్లు దాన్ని నామకరణ మహోత్సవంగా మార్చారు. కమాండెంట్ గారు టైగర్ వన్. ఆ పేరు తమకెందుకు రాలేదని ఇద్దరు అలిగితే టైగర్ టూ, టైగర్ త్రీ పుట్టుకొచ్చారు. మిగిలినవాళ్లు కోబ్రా, ఈగల్, చీతా పంచుకున్నారు. అడవి ఖాళీ అయ్యాక కుక్‌హౌస్‌కి పేరే దొరకలేదు, అది కుక్‌హౌస్‌గానే మిగిలింది. ఇంత రహస్యంగా పెట్టుకున్న పేర్లతో మాట్లాడటం ఎలా ఉంటుందంటే: "టైగర్ వన్ సార్ గారూ, నమస్కారం సర్, నేను సర్, కోబ్రా ఫోర్ని సర్, కామర్స్ డిపార్టుమెంట్ సర్." పాపం, ఆయన్ని అని లాభం లేదు. క్యాంపులో భుజం మీద హోదా పెట్టుకున్న ఏఎన్ఓలు (అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్లు) మిగతా ఏడాదంతా బడిలోనో కాలేజీలోనో పాఠాలు చెప్పుకునే మాస్టార్లే. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడిన అలవాటు గాలిలోకి ఎక్కగానే పోతుందా?

అసలు చిక్కంతా ఈ మర్యాదలోనే ఉంది. రేడియోలో ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. అందుకే మాట పొట్టిగా ఉండాలి. ఎవర్ని పిలుస్తున్నావో ముందు చెప్పు, నువ్వెవరో తర్వాత చెప్పు, విషయం చెప్పు, దిగిపో. ప్రపంచమంతటా సిగ్నల్ పాఠం ఇంతే. మన క్యాంపులో విషయానికి ముందు జై హింద్, విషయానికి తర్వాత జై హింద్, మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడల్లా సర్. ఇవన్నీ తీసేస్తే విషయం "టీ" అని తేలుతుంది. ఆ టీ కబురు నడుస్తున్నంతసేపూ హాస్టల్లో కరెంటు పోయిందన్న మాటకు గాలిలో చోటు దొరకదు.

ఈ యంత్రానికి ఇంకో గుణం ఉంది. బటన్ నొక్కి ఉంచినంతసేపూ నొక్కినవారికి ఎవరి మాటా వినబడదు. కొందరు పెద్దలు ఈ సౌకర్యం చూసే సెట్టు మీద మనసు పడ్డారేమోనని నా అనుమానం. ఇంకొందరికి బటన్ నొక్కామన్న ఎరుక కూడా ఉండదు. జీపులో సెట్టు మీదే కూర్చున్న ఒక పెద్దాయన పుణ్యమా అని క్యాంపు మొత్తం ఆయన ప్లాటు బేరం విన్నది. గజం ఎంతకు అడిగారో, అవతలివాళ్లు ఎక్కడ తెగ్గొట్టారో సెట్టున్న ప్రతి ఒక్కరికీ తెలిసింది. ఆయనకు చెప్పాలంటే మళ్లీ అదే సెట్టులో చెప్పాలి, ఆ సెట్టు ఆయన కింద ఉంది. చివరికి ఒక క్యాడెట్ జీపు వెంట పరుగెత్తాడు. ఆ పరుగుకి ఏ పతకమూ ఇవ్వలేదు.

బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి, మాట పూర్తయ్యాక వేలు తీయాలి. లేకపోతే మొదటి అక్షరమో చివరి అక్షరమో తెగిపోతుంది. ఏ దేశంలోనైనా ఇది చిన్న లోపమే. తెలుగులో మాట్లాడేవాళ్లకు మాత్రం చావుబతుకుల సమస్య, ఎందుకంటే మనం వద్దనే మాటను వాక్యం చివర పెడతాం. "టీలో చక్కెర వేయొద్దు" అంటూ అడ్జుటెంట్ గారు వేలు తొందరగా తీసేశారు. కుక్‌హౌస్‌కి అందింది "చక్కెర వేయొ" వరకే. వేయమన్నారు కాబోలని రెండు చెంచాలు దండిగా వేసి పంపారు. ఆయనకు షుగరు. ఆ తప్పు ఎవరిదో తేల్చడానికి ఇంకో నాలుగు సంభాషణలు నడిచాయి. అన్నీ అదే రేడియో నెట్‌లో.

అంకెల గోల దీనికి ఏమాత్రం తీసిపోదు. గరగర మధ్య ఇరవై అన్నా అరవై అన్నా ఒకేలా వినబడుతుంది. డెబ్భై, తొంభై సంగతీ అంతే. అందుకే సిగ్నల్స్ వాళ్లు అంకెల్ని విడదీసి, రెండు, సున్నా అని చెబుతారు. ఇంగ్లిషులో ఫైవ్, నైన్ కలిసిపోతాయని 'ఫైఫ్', 'నైనర్' అని పలికే పద్ధతి కూడా పెట్టుకున్నారు. ఇది చాదస్తం కాదు, అనుభవం. క్యాంపులో మాత్రం ఇరవై మందికి చెప్పిన టిఫిన్ అరవై మందికి తయారై కూర్చుంటుంది, లేదా అరవై మంది ఇరవై ప్లేట్ల చుట్టూ నిలబడతారు. మొదటిది జరిగితే వృథా మీద లెక్చరు, రెండోది జరిగితే సర్దుబాటు మీద లెక్చరు. పిల్లలు రెండూ వింటారు.

ఇంతకీ పిల్లలకు రేడియో నేర్పరా అంటే, ఎందుకు నేర్పరు? సిలబస్‌లో కమ్యూనికేషన్ పాఠం ఉంది, పీరియడు ఉంది, బి సర్టిఫికెట్ పరీక్షలో ప్రశ్న ఉంది. వంద మంది కూర్చుని ఆల్ఫా, బ్రావో, చార్లీ అని ఎక్కాలు చదివినట్టు చదువుతారు. 1956 నుంచి ప్రపంచ విమానయానం వాడుతున్న ఈ అక్షరమాలను మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా జూలూ దాకా అప్పజెబుతారు. సెట్టు మాత్రం బల్ల మీద, తాకకుండా దర్శనానికి. చివరి రోజు ముగ్గురు క్యాడెట్లను వరసగా నిలబెట్టి, సెట్లు చెవి దగ్గర పెట్టించి ఫొటో తీస్తారు. ఆ సమయానికి బ్యాటరీలు ఛార్జర్లో ఉంటాయి. అయినా ఆ ముగ్గురూ చాలా శ్రద్ధగా విన్నట్టే పడ్డారు ఫొటోలో. వార్షిక నివేదికకు ఇంతకంటే ఏం కావాలి?

పిల్లలు చూసి నేర్చుకునేది వేరే ఉంది, అది గట్టిగా అరవడం. వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. మధ్యలో తెలంగాణ తరహా రాళ్ల గుట్ట ఒకటి అడ్డం వస్తే, డబ్బా మీద ఎన్ని కిలోమీటర్లని అచ్చేసినా అవతలికి మాట చేరదు. అప్పుడు చేయవలసింది రెండడుగులు పక్కకు జరగడం, నడుముకి ఉన్న సెట్టును తీసి నిటారుగా పట్టుకోవడం, కంట్రోల్‌ని ఎత్తయిన చోట పెట్టడం. మన పెద్దలు గొంతు పెంచుతారు. ఎఫ్ఎం సెట్టులో గొంతు పెంచితే దూరం పెరగదు, మాటే చెదిరిపోతుంది. సిగ్నల్‌కి హోదా తెలియదని వాళ్లకెవరు చెప్పాలి?

భారత సైన్యంలో సిగ్నల్స్ కోర్ 1911లో ఏర్పడింది. దాని నినాదం 'తీవ్ర చౌకస్'. వేగమూ ఉండాలి, అప్రమత్తతా ఉండాలి అని భావం. మనవాళ్లకు అందులో అర్థమైంది చౌక ఒక్కటే. కొన్నిచోట్ల ఆన్‌లైన్లో చవగ్గా దొరికిన జతలు తెప్పించి, పెట్టెలోంచి తీసిన ఫ్రీక్వెన్సీ మీదే మాట్లాడేస్తారు. అనుమతి లేకుండా వైర్‌లెస్ సెట్టు ఉంచుకోవడం నేరమని 1933 నాటి చట్టమే చెప్పింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి తక్కువ శక్తి సెట్లకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఒక సందు వదిలారు. ఆ వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో సెంట్రల్ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చి, మార్గదర్శకాలు కూడా తెచ్చింది. నోటీసు అమ్మినవాళ్లకు వెళ్లింది. కొన్నవాళ్లు ఆ పూట క్రమశిక్షణ మీద ప్రసంగిస్తున్నారు.

ఇప్పుడు రోజర్ సంగతి. రోజర్ అంటే నీ మాట పూర్తిగా అందింది అని. చేస్తానని కాదు. చేస్తాననడానికి విల్కో అనే వేరే మాట ఉంది. క్యాంపులో విల్కో అన్న మనిషిని నేను చూడలేదు. హాస్టల్ బాత్రూముల్లో నీళ్లు రావడం లేదు: రోజర్. మూడో టెంటు తాడు తెగింది: రోజర్. ఫలానా క్యాడెట్‌కి నూటరెండు జ్వరం: రోజర్. సాయంత్రం వరకూ నీళ్లు రావు, తాడు ముడి పడదు. అడిగితే ఏమంటారు? అందిందనే కదా అన్నాం! నిజమే, నియమావళి ప్రకారం వాళ్లను తప్పు పట్టలేం. క్యాంపు మొత్తంలో పద్ధతి ప్రకారం నడిచే రేడియో మాట అదొక్కటే.

మాట అందిందో లేదో తేలక, కంట్రోల్ రూమువాళ్లు చివరికి కనిపెట్టిన ఏర్పాటు చూస్తే మార్కోనీ కూడా తలవంచుకోవాలి. సెట్టులో సందేశం చెప్పాక, ఒక క్యాడెట్‌ని పిలిచి, "ఒరే, పరుగెత్తుకెళ్లి సార్ సెట్టులో విన్నారో లేదో కనుక్కునిరా" అంటారు. వాడు పరుగెత్తుతాడు. అక్కడ సార్ సెట్టు ఆపేసి వాట్సాప్ చూసుకుంటుంటారు. విషయం వాడే చెబుతాడు. మళ్లీ పరుగెత్తుకొచ్చి, విన్నారని చెబుతాడు. కంట్రోల్ రూములో రోజర్ అని రాసుకుంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రేంజి దగ్గర మాత్రం నవ్వు రాదు. పాయింట్ 22 రైఫిళ్లతో పిల్లలు పడుకుని గురి చూస్తున్నారు. బట్ (గుళ్లను ఆపే మట్టికట్ట) వెనక గట్టు మీదికి మేకల మంద ఎక్కింది, దాని వెనక ఒక పిల్లవాడు. పక్కన జెండాతో ఉన్న అమ్మాయికి ఆ రోజు అదృష్టం కొద్దీ సెట్టు దొరికింది. బటన్ నొక్కింది. గాలిలో అప్పటికే చక్కెర పంచాయితీ నడుస్తోంది. మళ్లీ నొక్కింది. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎఫ్ఎం సెట్టులో బలమైన సిగ్నలే నెగ్గుతుంది, బలహీనమైనది ఉన్నట్టు కూడా తెలియదు. ఆమె మాట ఎవరికీ చేరలేదు. రేంజి మీదున్న హవల్దారు అలవాటు కొద్దీ తలెత్తి చూసి, విజిల్ వేసి, ఆపించాడు. ఆపింది ఆయన కళ్లు. రేడియో కాదు. పైగా సెట్టులో "ఫైర్ చేయించొద్దు" అని చెప్పి ఉంటే, చివరి అక్షరం తెగితే ఏం వినబడేదో చక్కెర విషయంలో చూశాం కదా.

దీన్ని మరీ పెద్దది చేస్తున్నానని అనుకునేవారికి 1977 మార్చి 27 గుర్తు చేయాలి. కానరీ దీవుల్లోని టెనెరీఫ్ విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. ఒక విమానం బయలుదేరుతున్నానంది. టవరు ఆగమని చెబుతున్న క్షణంలోనే, ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రెండో విమానం చెప్పింది. రెండు మాటలూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలబడ్డాయి, మొదటి విమానం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం మిగిలింది. అయినా ఇంకో అవకాశం ఉండింది. అదే కాక్‌పిట్‌లో కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చి, అవతలి విమానం తప్పుకోలేదేమో అని అడిగాడు. కెప్టెన్ తప్పుకుందని తేల్చేశాడు. ఆ కెప్టెన్ సామాన్యుడు కాదు, తన సంస్థలో పైలట్లకే శిక్షణ ఇచ్చే పెద్దమనిషి. ఆయనకు ఎదురు చెప్పడానికి పక్కవాళ్లకు నోరు రాలేదు. ఆ తర్వాత రేడియోలో మాట్లాడే పద్ధతులూ మారాయి, కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాణ్ణి ఆపగలిగేలా శిక్షణా మారింది.

నాకు మన క్యాంపులో కనబడే రోగం సరిగ్గా ఇదే. బ్యాటరీలు కొనుక్కోవచ్చు, గుట్ట మీద రిపీటరు పెట్టుకోవచ్చు. కానీ రేడియో నెట్ నడవాలంటే ఒకరు కంట్రోల్ కావాలి, ఆ కంట్రోల్ ఎవరైనా సరే, వాళ్లు ఆగమంటే అందరూ ఆగాలి. విమానం నడిపే ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌ని టవర్లో కూర్చున్న పాతికేళ్ల అమ్మాయి ఆగమంటుంది, ఆయన ఆగుతాడు. అందులో ఆయన పరువు ఏమీ పోదు. మన క్యాంపులో ఒక సీనియర్ అండర్ ఆఫీసర్, డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల, పాఠంలో చెప్పినట్టే చేసింది. ఎం.ఐ. రూము నుంచి కబురు వస్తుంటే మధ్యలో దూరిన పెద్దగొంతుతో, "టైగర్ వన్, వెయిట్" అంది. సర్ లేదు, జై హింద్ లేదు. పది క్షణాల పాటు క్యాంపు మొత్తం నిశ్శబ్దం. పదకొండో క్షణంలో, "ఎవరమ్మా అది? పేరు చెప్పు!" అని వచ్చింది. సాయంత్రం అందర్నీ వరసలో నిలబెట్టే ఫాలిన్‌లో పెద్దలతో ఎలా మాట్లాడాలి అన్న అంశం మీద గంటసేపు ప్రసంగం. మర్నాటి నుంచి కంట్రోల్ బల్ల దగ్గర ఒక వినయశీలి కూర్చున్నాడు. ఆయన ఎవరినీ ఆపడు. అన్నిటికీ "అలాగే సర్" అంటాడు. క్యాంపు చివర బెస్ట్ సిగ్నలర్ బహుమతి ఆయనదే.

పిల్లలకు ఇది చేతకాదు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మన దేశంలో హామ్ రేడియో పరీక్ష రాయడానికి పన్నెండేళ్లు నిండితే చాలు. ఎనిమిదో తరగతి క్యాడెట్ ఆ వయసు దాటేసి ఉంటాడు. పాసై లైసెన్సు తెచ్చుకుంటే కేంద్ర ప్రభుత్వమే వాడికి సొంత కాల్‌సైన్ ఇచ్చి, ప్రపంచంతో మాట్లాడుకో నాయనా అంటుంది. ప్రభుత్వం నమ్మిన పిల్లవాడిని క్యాంపులో బల్ల మీది సెట్టు తాకనివ్వం. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక హామ్ బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్లింది. అభిరుచి కోసం వెళ్లిన ప్రయాణం అది. 26న సునామీ వచ్చి మామూలు లైన్లు తెగిపోతే, పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు మోసినవాళ్లలో వాళ్లున్నారు. అలాంటి రోజున నెట్‌లో ఎవరు ముందు మాట్లాడాలో హోదా తేల్చదు, కబురు తేలుస్తుంది. క్యాడెట్లకు వరదల్లోనూ తుఫానుల్లోనూ సేవ చేయాలని చెబుతాం కదా, ఆ సేవలో మొదటి పాఠం ఇదే. దాన్ని నేర్పించడానికి ఆ హామ్‌లలో ఒక్కరిని ఒక్క పూట క్యాంపుకి పిలిస్తే, టీ బిస్కెట్లకు మించి ఖర్చు కాదు.

కాబట్టి కమాండెంట్ గారూ, వచ్చే క్యాంపులో మొదటి రోజు ఫాలిన్‌లోనే అందరూ వినేలా ఒక మాట అనండి. కంట్రోల్ బల్ల దగ్గర ఎవరున్నా, ఆగమంటే నేనూ ఆగుతాను అని. ఆ బల్ల దగ్గర ఒక క్యాడెట్‌నే కూర్చోబెట్టండి, వినయశీలిని కాదు, వెయిట్ అనగలిగే పిల్లను. మీ నడుముకున్న సెట్టు విప్పి ఎం.ఐ. రూముకి ఇవ్వండి. టైగర్ టూ, టైగర్ త్రీ గార్ల సెట్లు రేంజి సెంట్రీలకు ఇప్పించండి, వాళ్లు అలిగితే అలగనివ్వండి. మీకు టీ కావాలంటే కుక్‌హౌస్ దాకా నడవండి. నడక ఆరోగ్యానికి మంచిదని పొద్దున పీటీలో పిల్లలకు చెప్పింది మీరే.